శిక్ష పడితేనే లైసెన్సు

మా మహకమా పేరు చెప్పను. మహకమా అంటే డిపార్టుమెంటు అని ఇప్పటి పిల్లలకు చెప్పాల్సి వస్తోంది, కానివ్వండి. సారా మీదా కల్లు మీదా సర్కారుకు రావలసింది రాబట్టడం మా పని. సికింద్రాబాదు దఫ్తరులో నేను మున్షీని, అంటే గుమాస్తాను. పోలీసు చర్య జరిగి ఇంకా ఏడాది నిండలేదు. రిజిస్టర్లన్నీ ఉర్దూలో ఉండేవి. పైన కొత్తగా వచ్చిన అధికారికి ఉర్దూలో ఒక్క అక్షరం రాదు.

మాది ముస్లిం కుటుంబమే అయినా ఇంట్లో తాతల కాలం నుంచీ తెలుగే. నగరం నుంచి వచ్చిన తోటి మున్షీలు నా ఉర్దూ విని నవ్వేవారు. మద్రాసు వైపు నుంచి వచ్చిన కొత్తవాళ్ళు నా తెలుగు విని నోరు తెరిచేవారు. రెండు పక్షాలకూ వినోదం నేనే. అయితే ఆ రెండు భాషల పుణ్యమే నా కుర్చీని నిలబెట్టింది. ఆ రోజుల్లో మాలాంటివాళ్ళ కుర్చీలు పొద్దున ఉంటే సాయంత్రం ఉంటాయో లేదో తెలియదు. ఈ మాట ఒక్కటి గుర్తు పెట్టుకుని మిగతాది చదవండి. నేను చేసిన ప్రతి తెలివితక్కువ పనికీ వెనక ఆ భయమే ఉంది.

కొత్త అధికారి మంచివాడు. అదే మా తలనొప్పి. లంచం తినడు, అరవడు, పొద్దున తొమ్మిదింటికి వచ్చి కూర్చుని ఆలోచిస్తాడు. అలా ఆలోచించి ఆలోచించి ఒకరోజు నన్ను పిలిచాడు.

"ఏమయ్యా, దొంగసారాను మనం ఆపగలమా?"

"ఆపలేం సార్."

"మరి ఆపలేనిదాన్ని లెక్కలోకి తెచ్చుకోవాలి కదా. కాచేవాళ్ళకు లైసెన్సులిచ్చేద్దాం. లెక్కలోకి వచ్చినవాడు పన్ను కడతాడు, పన్ను కట్టేవాడు మంచి సరుకు కాస్తాడు, మంచి సరుకు తాగినవాడు చావడు. ఏమంటావ్?"

ఏమంటాను? "బ్రహ్మాండం సార్" అన్నాను.

"అయితే ముందు సికింద్రాబాదులో ఎంతమంది కాస్తున్నారో నీ రిజిస్టర్లు చూసి చెప్పు."

మూడు రోజులు దుమ్ములో తల పెట్టి కేసుల రిజిస్టర్లన్నీ తిరగేశాను. కేసులు కుప్పలు. మనుషులే లేరు. తిప్పి తిప్పి లెక్కపెట్టినా పదిమంది కూడా లేరు. అందులోనూ సగానికి సగం కేసుల్లో ఒకే ఒక్కడి పేరు. అధికారి ఆ జాబితా చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఊరికంతటికీ ఈయనొక్కడే కాస్తున్నాడా? ఈయన ఎప్పుడు నిద్రపోతాడయ్యా?"

గుమ్మంలో దారోగా సాబ్ నిలబడి నావైపు చూస్తున్నాడు. దారోగా అంటే మా ఇన్‌స్పెక్టరు. బొద్దుమీసం, పెద్ద పొట్ట, పిల్లి గుండె. ఆ పేరు వెనక సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, ఊరందరికీ తెలుసు. తెలియనిది అధికారికే.

సంగతేమిటంటే, దారోగా నెలకొక కేసైనా పట్టి చూపించాలి. చూపించకపోతే పైనుంచి చీవాట్లు. అలాగని నిజంగా కాచేవాళ్ళను పడితే వాళ్ళ బట్టీ ఆరిపోతుంది, ఆయన ఇంటికి రావలసింది రాదు. అందుకని ఎప్పుడో ఎవరో పెద్దలు ఒక పద్ధతి కుదిర్చారు. కాచేవాళ్ళంతా కలిసి ఒక మనిషిని పెట్టుకున్నారు. ఆయనే మా కిరాయి ముద్దాయి. నెల తిరిగేసరికి గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, ఒక పగిలిన కుండ చంకన పెట్టుకుని తనంతట తనే దఫ్తరుకు వచ్చేవాడు. "దారోగా సాబ్, ఈ నెల షురూ చేద్దామా?" అనేవాడు. ఆ కుండ మీదే పంచనామా. కోర్టులో తల వంచుకుని నేరం ఒప్పుకునేవాడు. జుర్మానా, అంటే జరిమానా, కాచేవాళ్ళంతా కలిసి కట్టేవాళ్ళు. ఎప్పుడైనా మెజిస్ట్రేటుకు విసుగొచ్చి వారం రోజులు లోపలేస్తే, ఆ వారం ఆయన ఇంటికి బియ్యం, పప్పు కాచేవాళ్ళే పంపేవారు. ఆయనకు సారా వాసన వస్తేనే డోకు వచ్చేది. జన్మలో ఒక్క చుక్క కాచినవాడు కాదు, తాగినవాడూ కాదు.

ఇదంతా అధికారికి చెప్పాలంటే దారోగా నౌకరీ పోతుంది. ఇన్నేళ్ళూ ఆ పంచనామాలు రాసిన నాదీ పోతుంది. చెప్పలేదు. చెప్పకపోగా అంతకన్నా పెద్ద ఘనకార్యం చేశాను.

లైసెన్సుల నిబంధనలు రాస్తుంటే అధికారి అడిగాడు. "రేపు ఎవడు పడితే వాడొచ్చి నేనూ కాస్తానంటాడు. అనుభవం ఉన్నవాడని ఎలా తెలుస్తుంది? దానికి రుజువేమిటి?"

నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. తెలివి చూపించుకోవాలన్న దురద. "శిక్షే రుజువు సార్" అన్నాను. "ఎన్నిసార్లు శిక్ష పడితే అంత అనుభవం."

ఆయన లేచి వచ్చి నా భుజం తట్టాడు. ఆ రాత్రి సంతోషంతో నాకు అన్నం సయించలేదు. శిక్ష పడినవాళ్ళకే లైసెన్సు, ఫలానా తారీఖులోపు అర్జీ పెట్టుకోవాలి, ఆ తర్వాత లైసెన్సు లేకుండా కాస్తూ దొరికితే జుర్మానా ఉండదు, నేరుగా జైలే. గడియారం స్తంభం నుంచి మౌలాలి దాకా దండోరా వేయించారు.

దండోరా పడిన మూడో రోజు పొద్దున్నే ఒకావిడ దఫ్తరుకు వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. రెజిమెంటల్ బజారు వెనక గల్లీలో ఉంటుంది. పెనిమిటి రైల్వేలో పనిచేసేవాడు, మౌలాలి షెడ్డులో ఏదో మీద పడి పోయాడు. ఇంట్లో కళ్ళు కనపడని అత్త, ఇద్దరు ఆడపిల్లలు. పదిహేనేళ్ళుగా సారా కాచి వాళ్ళను సాకుతోంది. సికింద్రాబాదులో ఆమె కాచినంత శుభ్రంగా కాచేవాళ్ళు లేరని తాగేవాళ్ళు ఒట్టు పెట్టి చెప్పేవారు. మా దారోగా కూడా పెట్టేవాడు.

వచ్చీ రాగానే దారోగా బల్ల ముందు చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడింది.

"దారోగా సాబ్, నన్ను పట్టుకోండ్రి."

దారోగాకు పొలమారింది. "ఏందమ్మా, పొద్దుగాల పొద్దుగాల గీ మాటలేంది?"

"మరేం జెయ్యాలె? శిక్ష వడితేనే లైసెన్సంటిరి. పదిహేనేండ్ల సంది కాస్తున్న, ఒక్క కేసు సుత లేదు నా మీద. పగిలిన కుండ పట్టుకొని తిరిగేటాయనకు లైసెన్సు, నాకు జైలా? గిదేం ఇన్సాఫ్?"

"నువ్వు జాగర్తగ ఉన్నవ్ కాబట్టి దొరకలే. అది మంచిదే గదా?"

"ఏం మంచిది? మంచిగున్నందుకు నా పిల్లలు ఉపాసముండాల్నా? తారీఖు ఇంక ఆరు దినాలే ఉన్నది. జెర దయ సూపి పట్టుకోండ్రి. నేనే కోర్టుల ఒప్పుకుంట."

దారోగా నన్ను చూశాడు. నేను పైకప్పు చూశాను. చివరికి ఆయనే మెత్తబడ్డాడు. ఎన్ని సీసాల రుణమో మరి! గురువారం పొద్దున తొమ్మిదింటికి ఛాపా, అంటే దాడి, వేస్తామని ఆమెకు మాట ఇచ్చాడు. బట్టీ వేడిగా ఉండాలి, కుండలు నిండుగా ఉండాలి, ఆమె ఇంట్లోనే ఉండాలి అని మూడుసార్లు చెప్పి పంపాడు.

ఇక్కడ మా జమేదారు సంగతి చెప్పాలి. జమేదారంటే బంట్రోతుల్లో పెద్ద. ఎప్పుడు ఛాపా ఉన్నా మా అందరికంటే పావుగంట ముందు ఆయన గల్లీలోకి వెళ్ళేవాడు. "ఓ అక్కా, మా మేక గిటు వచ్చిందా? తెల్ల మేక, ఒక చెవి కోసి ఉంటది" అని ఇంటింటికీ అరుచుకుంటూ పోయేవాడు. ఆయనకు మేక లేదు. ఆ మాట వినపడగానే గల్లీలో కుండలు మాయమయ్యేవి. ఇరవై ఏళ్ళుగా అదే మేక, అదే చెవి.

అందుకని బుధవారం సాయంత్రమే నేను ఆయన్ను పక్కకు తీసుకెళ్ళాను. "చాచా, రేపు మేక వద్దు. మాట తప్పొద్దు."

"మేక లేకుండ ఛాపా ఎట్ల బేటా?" అని ఆయన చాలా నొచ్చుకున్నాడు. అయినా చివరికి ఖురాన్ మీద ఒట్టేశాడు.

గురువారం పొద్దున మేం బయల్దేరుతుంటే అధికారి గదిలోంచి బయటికొచ్చాడు. "నేనూ వస్తానయ్యా. అనుభవమున్న పనివాళ్ళను కళ్ళారా చూడాలనుంది." దారోగా ముఖం పాలిపోయింది. అయినా కంగారు పడాల్సిందేముంది? ఈసారి నిజంగానే పట్టబోతున్నాం కదా!

జమేదారు ఒట్టు నిలబెట్టుకున్నాడు. ఎప్పటిలాగే మాకంటే పావుగంట ముందు వెళ్ళి, గల్లీ మొదటి నుంచి చివరి దాకా పెదవులు బిగించి, తల వంచుకుని, ఒక్క మాట మాట్లాడకుండా నడిచాడు. అదే కొంప ముంచింది. మేక గురించి అడగకుండా జమేదారు నడవడం ఆ గల్లీ పుట్టిన తర్వాత అదే మొదటిసారి. గుమ్మాల్లో ఆడవాళ్ళు ఆయన ముఖం చూసి హడలిపోయారు. ఇది మామూలు ఛాపా కాదు, నిజం ఛాపా అనుకున్నారు. పట్టుకోమని మమ్మల్ని పిలిచిన ఆమె అప్పుడు ఇంట్లో లేదు. పట్టివేత సజావుగా సాగాలని అమ్మవారికి కొబ్బరికాయ కొట్టడానికి పోయింది. ఇరుగుపొరుగుకు ఈ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. వాళ్ళకూ తెలిస్తే మమ్మల్నీ పట్టుకోమని అందరూ వరస కడతారని ఆమె భయం. చెప్పలేదు కాబట్టి, వేడి బట్టీ వదిలేసి పోయిందని గల్లీ అంతా ఆమెను కాపాడడానికి ఎగబడింది.

మేం వెళ్ళేసరికి ఆ ఇల్లు చూడాలి! వాకిట్లో కళ్ళాపి చల్లి ఇంత పెద్ద ముగ్గు. బట్టీ ఉండాల్సిన చోట ఎవరిదో కుట్టుమిషను. కుండలున్నాయి, వాటినిండా మంచినీళ్ళు. కళ్ళు కనపడని అత్తకు కొత్త చీర కట్టి, చేతిలో జపమాల పెట్టి మూల కూర్చోబెట్టారు. ఇంటినిండా సాంబ్రాణి పొగ. ఆ అత్త కనపడని కళ్ళు నలుపుకుంటూ "ఎవరు సచ్చిండ్రే? గింత పొగేంది?" అని అడుగుతోంది.

దారోగా ఒక్కొక్క కుండలో ముక్కు పెట్టి వాసన చూశాడు. ఒకదాంట్లో వేలు ముంచి నాకాడు. ఆశ చావక రెండో వేలు కూడా నాకాడు. ఇరవై ఏళ్ళ నౌకరీలో ఆయన మొదటిసారి నిజాయితీగా వెతికింది ఆ రోజే. ఏమీ దొరకలేదు.

అంతలో ఆమె కొబ్బరిచిప్పతో పరుగున వచ్చింది. పట్టు రవికె వేసుకుని, తల్లో పూలు పెట్టుకుని ఉంది. గుమ్మంలో అడుగు పెట్టి కొయ్యబారిపోయింది.

"నా బట్టీ ఏదీ? నా కుండలేవీ?"

పక్కింటామె గబుక్కున ఆమె చెయ్యి గిల్లింది. "ఏం బట్టీ అక్కా? నీకు బట్టీ ఎక్కడిది?"

"నీ నోట్ల మన్నుబడ! పొద్దుగాల్నే గద బట్టీ ముట్టించిన! సార్, నేను దొంగసారా కాస్త సార్! పదిహేనేండ్ల సంది కాస్తున్న! దారోగా సాబ్, నువ్వన్న జెప్పు!"

దారోగా మీసం దువ్వుకున్నాడు. ఏమని చెప్తాడు? చెప్తే, ఎలా తెలుసని అధికారి అడుగుతాడు.

"అయ్యో, అక్క మాటలు పట్టించుకోకుండ్రి సార్" అని ఎదురింటాయన చేతులు జోడించాడు. "పెనిమిటి పోయిన కాడికెల్లి గిట్లనే ఒర్రుతది. దేవుని అసొంటి మనిషి."

అధికారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమెకు నమస్కారం పెట్టి, బయటికొచ్చాక నాతో అన్నాడు. "పాపం, ఈవిణ్ణి ఎవరైనా మంచి డాక్టరుకు చూపించాలయ్యా. ఇంత పరిశుభ్రమైన ఇల్లు నేను బెజవాడలో కూడా చూడలేదు."

నవ్వండి, నవ్వండి. నేనూ దారి పొడుగునా నవ్వు ఆపుకోలేక చచ్చాను. మర్నాడు శుక్రవారం, అర్జీలకు ఆఖరి రోజు, ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి తల్లో పూలు లేవు. దారోగా బల్ల దగ్గరికి పోలేదు, సరాసరి నా బల్ల దగ్గరికే వచ్చింది. నేను అర్హుల జాబితా రాస్తున్నాను. శిక్షల రిజిస్టరు పక్కనే తెరిచి ఉంది.

"మున్షీ సాబ్, గా రిజిస్టర్ల నా పేరు రాయి."

"శిక్ష పడకుండ ఎట్ల రాయాలమ్మా?"

"పాత తారీఖు ఎయ్యి. ఉర్దూల రాస్తే గా సార్‌కు ఏం సమజైతది? మొన్నటి దాంక పగిలిన కుండను చూసి పంచనామాలు రాసినోనివి. ఒక్కటి నా కోసం రాయవా?"

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. రిజిస్టరులో ఒక వరస ఖాళీగా కూడా ఉంది. నా చేతిలో కలం ఉంది. రాస్తే సికింద్రాబాదులో కనిపెట్టేవాడు లేడు. కానీ ఎవరైనా నాలాంటివాడే, ఉర్దూ వచ్చినవాడు, నా కుర్చీ మీద కన్నేసినవాడు చూసి చెప్తే?

"కాయిదాకు విరుద్ధం" అన్నాను. కాయిదా అంటే రూలు. ఆ మాట అంటుంటే నా గొంతంటే నాకే అసహ్యం వేసింది.

ఆమె నన్ను తేరిపార చూసింది. "నీ చెయ్యి పడిపోను!" అని, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రెండు నెలలు నేను ఆ గల్లీలోంచి నడవలేదు. ఒకసారి మరిచిపోయి నడిస్తే మేడమీదనుంచి బియ్యం కడిగిన నీళ్ళు నెత్తిన పడ్డాయి. ఆమె బట్టీ ఆర్పేసి బోయిన్‌పల్లిలో కూరగాయల మూటలు మోయడానికి పోతోందని జమేదారు చెప్పాడు.

ఇటు లైసెన్సు నంబరు ఒకటి ఎవరికొచ్చిందో చెప్పక్కర్లేదు. కిరాయి ముద్దాయి దాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించాడు. వారం తర్వాత సిగ్గుపడుతూ నా దగ్గరికొచ్చాడు.

"మున్షీ సాబ్, ఒక మాట. సారా ఎట్ల కాస్తరు?"

"నాకేం ఎరుక? నేను నమాజు చేసుకునేటోన్ని."

"నేను సుత శనివారాలు ఉంట. ఇప్పుడెట్ల మరి? సర్కారోళ్ళు నెలకింత కాయాల్నంటున్నరు."

ఆయన పరేషాన్ తీరకముందే పైనుంచి తాఖీదు వచ్చింది. సర్కారు మనసు మార్చుకుంది. లైసెన్సులన్నీ రద్దు, దొంగసారాను మొత్తం అణిచెయ్యాలి. మా అధికారికి బదిలీ. తెలిసిన నేరస్థుల జాబితా ఉంటే వెంటనే పంపమని పోలీసులు అడిగారు. ఉంది కదా, లైసెన్సుల కోసం నేను రాసిన జాబితా, ముత్యాల్లాంటి అక్షరాలతో, ఇంగ్లీషులో మూడు ప్రతులు! నేనే కట్టగట్టి, లక్క ముద్ర వేసి, సంతకం పెట్టి పంపాను. ఏం జరగబోతోందో తెలిసి కూడా పంపాను.

ఒక తెల్లవారుజామున జాబితాలో ఉన్నవాళ్ళందరినీ ఎత్తుకుపోయారు. నేను లాకప్పుకు పోతే, కిరాయి ముద్దాయి చూడగానే కమ్మీల దగ్గరికి వచ్చాడు. గడ్డం గీసుకోలేదు, చొక్కా మాసి ఉంది.

"మున్షీ సాబ్, ఈసారి ఎవరి తరఫున?"

"నీ తరఫునే" అన్నాను.

"నా తరఫునా? నేనేం జెయ్యలే గదా!" అన్నాడు. అన్ని కేసుల్లోనూ తల వంచి ఒప్పుకున్న మనిషి ఈసారి కోర్టులో ఒప్పుకోనని మొండికేశాడు. మెజిస్ట్రేటు పడీ పడీ నవ్వి, ఆర్నెల్లు వేశాడు. ఆయన ఇంటికి బియ్యం పంపేవాళ్ళు ఈసారి లేరు, కాచేవాళ్ళలో కొందరు జైల్లో, మిగతావాళ్ళ బట్టీలు ఆరిపోయాయి. బోయిన్‌పల్లిలో మూటలు మోసిన డబ్బుల్లోంచి ఆమే పంపింది. ఆర్నెల్లూ పంపింది.

ఈలోగా గల్లీలో నా పేరు మారుమోగిపోయింది. జాబితాలో ఆమె పేరు రాయకుండా మున్షీ సాబే కాపాడిండు, ఆయనకు ముందే ఎరుక, పెద్ద మనసు అని ఒకటే పొగడ్తలు. బియ్యం నీళ్ళు పోసినామె పిలిచి చాయ్ ఇచ్చింది. ఎదురింటాయన దండం పెట్టాడు. నేను వద్దనలేదు. కాదనలేదు కూడా. నాలుగు రోజులు దర్జాగా ఆ గల్లీలోంచే దఫ్తరుకు పోయాను.

అయిదో రోజు ఆమె తన గుమ్మంలోంచి పిలిచింది. లోపలికి పోయి కూర్చున్నాను. సాంబ్రాణి వాసన లేదు, కుట్టుమిషను లేదు. అత్త మూల పడుకుని ఉంది. ఆమె నా ఎదురుగా నేలమీద కూర్చుంది. భుజం మీద మూటల ఒరిపిడికి తోలు లేచిపోయి ఉంది.

"అందరు నిన్ను మస్తు తారీఫ్ చేస్తుండ్రు."

"అయ్యో, నేనేం చేసిన..." అని గొణిగాను.

"గదే అడుగుదామని పిల్చిన. ఆ దినం నువ్వు నా పేరు రాసుంటే, పోలీసోళ్ళు జాబితా అడిగిన నాడు కొట్టేసేటోనివా?"

వీధిలో ఎవరో నవ్వుతున్నారు. జమేదారు గొంతే అనుకుంటాను. అబద్ధం చెప్దామని నోరు తెరిచాను. ఆమె భుజం కనపడింది.

"లేదమ్మా" అన్నాను. "కొట్టేసేటోన్ని కాదు. గట్లనే పంపేటోన్ని."

ఆమె తల ఊపింది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. కూతుర్ని కేకేసి నాకు మంచినీళ్ళు తెమ్మంది. నేను గ్లాసు ఖాళీ చేసేదాకా చూసి, అప్పుడు అంది.

"సరే. పొయ్యేటప్పుడు గల్లీల ఎవలన్న దండం పెడితే, తీసుకోకు."